గేటు లేని వాగు

ఒమన్ కొండల్లో వరద నోట్లోంచి పదకొండు మందిని లాగిన మనిషిని నేను. ఈ లెక్క సూర్యాపేటలో చెల్లుతుంది. కోదాడలో అయితే నలుగురు అంటాను. అక్కడ నన్ను ఎరిగినవాడు ఒకడున్నాడు, నాలుగు దాటితే దగ్గుతాడు. మిర్యాలగూడలో మాత్రం నోరెత్తను. బస్సు ఆ ఊరి స్టాండులో ఆగితే కిటికీ వైపు ముఖం తిప్పుకొని కూర్చుంటాను.

నిజం కావాలంటే ఒక్కణ్ణి కూడా లాగలేదు. నా చొక్కా కూడా తడవలేదు.

ఈ మధ్య మా వీధి పిల్లలు వీపున పెద్ద సంచులు తగిలించుకొని ఎక్కడెక్కడి లోయల్లోనో గుడారాలు వేసుకొని పడుకొని వస్తున్నారు. సెలవు దొరికితే చాలు, రాళ్ళ మధ్యకు పరుగు. "తాతా, నువ్వు గల్ఫ్‌ల గిదే పని జేసినవంట గద, మాకు జర చెప్పు" అని అడుగుతారు. చెప్పాను, చాలాసార్లు చెప్పాను. చిరుతపులిని టార్చిలైటుతో బెదరగొట్టిన సంగతి చెప్పాను. (అది మేక. టార్చిలో బ్యాటరీలు కూడా లేవు.) వాళ్ళు నవ్వుతారు, టీ ఇప్పిస్తారు, పోతారు. వాళ్ళకు చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడు ఎదురుగా మనిషి ఉండడు కాబట్టి పెంచి చెప్పాలన్న దురద కాస్త తగ్గుతుంది.

అక్కడ నేను క్యాంపు మేనేజర్‌ని. అంటే గుడారాలు వేసేవాణ్ణి, తీసేవాణ్ణి. అరబ్బీ గడగడ మాట్లాడేవాణ్ణి. అంటే నాకు వచ్చిన మాటల్లో సగం గాడిదలతో మాట్లాడడానికే పనికొచ్చేవి. మా కంపెనీ పని ఏమిటంటే, డబ్బిచ్చి మరీ కష్టపడదామని దూరదేశాల నుంచి వచ్చేవాళ్ళకు ఆ కష్టాన్ని ఏర్పాటు చేసి పెట్టడం. చెట్టూ చేమా లేని ఎర్రటి కొండలు. వాటి మధ్య నరికినట్టుగా ఎండిన లోయ. రెండు వైపులా తలెత్తి చూస్తే మెడ పట్టేసేంత గోడలు. కింద ఇసుక, గులకరాళ్ళు, అక్కడక్కడ పచ్చటి నీటి మడుగులు. అతిథులు పొద్దున లోయ నోటి దగ్గర నడక మొదలుపెడతారు. మధ్యాహ్నానికి లోయ వెడల్పైన ఒక మలుపుకు చేరతారు. అక్కడ రాత్రి గుడారాల్లో పడుకుంటారు. మర్నాడు గోడ వెంట ఉన్న కాలిబాటన పైకెక్కితే అక్కడ మా జీపు ఉంటుంది. వాళ్ళకంటే ముందు గాడిదల మీద సామాను వేసుకొని మేము పోవాలి. వాళ్ళు వచ్చేసరికి గుడారం లేచి ఉండాలి, పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలి.

మేము అంటే ముగ్గురం. సూపర్‌వైజర్ కేరళ ఆయన. మొదటి రోజు పేర్లు అడిగి, పలకలేక, "ఊరు ఏది?" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి నేను సూర్యాపేట, జీపు డ్రైవరు కోదాడ, వంటవాడు మిర్యాలగూడ. అసలు పేర్లు వీసా కాగితాల్లో పడుకొని ఉండేవి. ఒకరినొకరం కూడా అలాగే పిలుచుకున్నాం. ఇప్పుడు కూడా కోదాడకు ఫోను చేస్తే "ఏంది సూర్యాపేటా, బతికే ఉన్నావా?" అంటాడు.

కోదాడ నోరు మంచిది కాదు. మా ఇద్దరినీ ఏడిపించడానికే దేవుడు వాడికి డ్రైవింగ్ ఇచ్చాడు, అందులో చేతులకే పని, నోటికి ఖాళీ. మిర్యాలగూడ మాకంటే చాలా చిన్నవాడు. పెళ్ళై మూడేళ్ళు, అందులో ఇంటి దగ్గర ఉన్నది నిండా ఏడాది లేదు. త్రిపురారం దగ్గర కాలువ కట్ట మీది ఇల్లు. నన్ను బావా అనేవాడు. ఎందుకు బావనయ్యానో తెలియదు, వాడు అన్నాడు, నేను పలికాను.

వాడికి బియ్యం పిచ్చి. ఆ దేశంలో దొరికే పొడుగు బియ్యం చూసి, "గిదేం అన్నం బావా, దారాలు ఉడకవెట్టినట్టున్నది" అని బాధపడేవాడు. సెలవుకు పోయి వచ్చినప్పుడు బట్టలు తగ్గించుకొని మిల్లు బియ్యం మోసుకొచ్చాడు. అతిథులకు దారాలు, మాకు అన్నం. కుక్కరులో పెట్టడు. గిన్నెలో ఎసరు పెట్టి, గంజి వార్చాలి. ఆ గంజిలో ఉప్పేసి మాకిద్దరికీ ఇచ్చేవాడు. తాగకపోతే అలిగేవాడు.

ఇక్కడ పని సంగతి ఒక్కటి చెప్పాలి, అది లేకపోతే మిగతాది అర్థం కాదు. మేము ఆగే మలుపులో ఎడమ గోడకు మనిషెత్తు రెండింతల పైన పొడవాటి రాతి అరుగు ఉంది. అతిథుల గుడారాలు ఆ అరుగు మీదే వెయ్యాలి, కింద వెయ్యకూడదు అని సూపర్‌వైజర్ మొదటి రోజే చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. ఎక్కడో దూరాన కొండ మీద వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు వచ్చేస్తాయట. నేను తల ఊపాను. గుడారాలు ఎప్పుడూ అరుగు మీదే వేశాను.

వంట సంగతి ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. వంట కింద, వాగులో. కుడి గోడకు పెద్ద బండ ఒకటి ముందుకు, బాగా కిందికి వంగి ఉంటుంది, దాని కింద నీడ, గాలి కొట్టదు, మడుగు పక్కనే. గిన్నెలు, గ్యాసు సిలిండరు, నీళ్ళ డబ్బాలు అరుగు మీదికి ఎక్కించాలంటే నడుం విరుగుతుంది. కాబట్టి వండింది నేను పైకి మోసేవాణ్ణి. రాత్రి నేనూ, వాడూ ఆ బండ కిందే ఇసుకలో పడుకునేవాళ్ళం. అతిథులు అరుగు మీద, మేము వాగులో. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, అందుకే ఎవరూ మార్చలేదు.

ఒకసారి అడిగాను వాణ్ణి. "ఏం మిర్యాలగూడా, గాయన చెప్పినట్టు నీళ్ళొస్తే?"

వాడు పడీపడీ నవ్వాడు. "ఏడికెల్లొస్తయ్ బావా? మా నాయిన లష్కర్. కాల్వ గేటు తాళం చెయ్యి మా ఇంట్ల గోడ మొలకు తగిలిచ్చి ఉంటది. గేటెత్తకుంటె సుక్క రాదు. ఎత్తేముందు పైనుంచి ఫోనొస్తది, కింది ఊర్లకు చాటింపైతది. ఎండకాలం కాల్వ బందు వెడ్తె మేం గండ్లనే పండుకుంటం, గండ్లనే పత్తాలాడ్తం. నేను పుట్టింది కాల్వల అనుకో."

"మరి గీడ లష్కర్ ఎవడు?"

"గీడ గేటే లేదు. గేటే లేనప్పుడు నీళ్ళెట్లొస్తయే?"

పక్కనే కూర్చున్న కోదాడ ఊరుకోలేదు. "అబ్బా, ఇంజినీరు గారు చెప్పారు. ఇంక మనం గోచీలు విప్పి పడుకోవచ్చు."

ముగ్గురం నవ్వాం. కాలువ కింద పెరిగిన వాడికి నీళ్ళంటే ఒకరు వదిలేవి. వదిలే మనిషికి ఒక ముఖం, ఒక ఉద్యోగం, ఒక వేళ ఉంటాయి. తప్పు జరిగితే పోయి కొట్లాడడానికి ఒక ఆఫీసు ఉంటుంది. ఎవరూ వదలకుండా, ఎవరికీ చెప్పకుండా వచ్చే నీళ్ళు వాడి బుర్రలో ఇమడలేదు. నా బుర్రలో ఇమిడాయి, కానీ అక్కడ ఊరికే పడి ఉన్నాయి. మెత్తటి ఇసుక మీద పడుకున్నాక బుర్రతో పనేముంది?

ఆ రోజు కూడా మామూలు రోజే. గాడిదల మీది సామాను దింపాక, వాటి మనిషి వాటిని తోలుకొని ఊరికి వెళ్ళిపోయాడు. కోదాడ జీపుతో పైన ఉన్నాడు. అతిథులు ఎండకు ఉడికిపోయి వచ్చి, అరుగు మీద గుడారాల నీడలో బూట్లు విప్పుకొని పడి ఉన్నారు. మధ్యాహ్నం వాలుతోంది. మా నెత్తిన ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఎగువన కొండల వెనక మాత్రం నల్లగా ఏదో ఉంది. అతిథుల్లో ఒక పెద్దావిడ దాన్ని ఫోటో తీసి నాకు చూపించింది కూడా. నేను "గుడ్, గుడ్" అన్నాను.

టీ ఫ్లాస్కు తీసుకొని పైకి ఎక్కాను. కప్పుల్లో పోస్తుండగా శబ్దం వినపడింది. మొదట లారీ అనుకున్నాను, ఆ లోయలోకి లారీ ఎలా వస్తుంది? మిర్యాలగూడలో రైసు మిల్లు మోటారు వేసినప్పుడు ముందు నేల వణుకుతుంది, తరవాత చెవికి వినపడుతుంది. అట్లా ఉంది. ఫ్లాస్కు కింద పెట్టి అరుగు అంచుకు వచ్చి అరిచాను.

"మిర్యాలగూడా! పైకి రా! ఉరుకు!"

ఆ బండ కింద ఉన్న మనిషి పైనుంచి కనపడడు. వాడు బయటికి వచ్చాడు. చేతిలో అన్నం గిన్నె, మూత మీద గుడ్డ వేసి పట్టుకొని, గంజి వారుస్తున్నాడు. నన్ను చూశాడు. ఒక చెయ్యి ఎత్తాడు. ఆగు, అన్నట్టు. వస్తున్నా, ఇదొక్కటి అయిపోనీ, అన్నట్టు. మళ్ళీ బండ కిందికి వెళ్ళాడు, గిన్నె పెట్టి రావడానికి.

అప్పుడు నా వెనక ఆ పెద్దావిడ కేక పెట్టింది. తిరిగాను. ఆమె ఎగువ వైపు చూస్తోంది. నేనూ అటు చూశాను. మలుపు దగ్గర గోధుమ రంగు గోడ ఒకటి నడిచి వస్తోంది. నీళ్ళలా లేదు. కట్టెలు, బురద, రాళ్ళు ముందు పెట్టుకొని వస్తోంది. దాని వాసన ముందు వచ్చింది, తడి మట్టి వాసన, పొలం దున్నినప్పుడు వచ్చే వాసన.

మళ్ళీ కిందికి తిరిగేసరికి కింద అంటూ ఏమీ లేదు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నీళ్ళే. బండ పైభాగం మాత్రం మునగకుండా కనపడుతోంది.

ఇక్కడే నేను సూర్యాపేటలో దూకుతాను. టీ కొట్టులో బెంచీ మీద కూర్చొని ఎన్నిసార్లు దూకానో. తాడు కట్టుకొని ఒకసారి, కట్టుకోకుండా ఒకసారి. నిజంగా చేసింది ఏమిటంటే, ఆ అరుగు మీద నిలబడి వాడి ఊరి పేరు పెట్టి అరిచాను. మిర్యాలగూడా, మిర్యాలగూడా అని. అసలు పేరు గుర్తుకు రాలేదు. ఇంతకంటే సిగ్గుపడాల్సింది నా జీవితంలో ఇంకొకటి లేదు.

పొద్దు గూకకముందే నీళ్ళు తగ్గిపోయాయి. వచ్చినంత తొందరగానే పోయాయి. పోలీసులు వచ్చారు, హెలికాప్టరు తిరిగింది, కింది ఊళ్ళ జనం పారలు పట్టుకొని వచ్చారు. వాళ్ళు మంచివాళ్ళు, తమ మనిషి అన్నట్టుగానే వెతికారు. లోయ నోరు దాటాక నీళ్ళు చదునైన ఎడారిలోకి పరుచుకుంటాయి. అక్కడ ఇసుక కొత్తగా మేట వేసి, ఊడ్చిన కళ్ళంలా నున్నగా ఉంది. సిలిండరు దొరికింది. నీలిరంగు తార్పాలిన్ ముళ్ళచెట్టుకు చిక్కుకొని దొరికింది. మనిషి దొరకలేదు. కొన్నాళ్ళకు వాళ్ళు ఆపేశారు. కోదాడా నేనూ సెలవు రోజుల్లో పోయి ఆ ఇసుకలో నడిచేవాళ్ళం. కర్రతో పొడుస్తూ నడిచేవాళ్ళం. కోదాడ ఆ నడకల్లో ఒక్క జోకు వెయ్యలేదు. అక్కడి పోలీసు కాగితంలో "కనబడుట లేదు" అని రాశారు, చనిపోయాడని రాయలేదు.

తరవాత వంటపొయ్యి అరుగు మీదికి ఎక్కింది.  గిన్నెలు ఎక్కించడం అంత కష్టమేమీ కాదని తేలింది.

సెలవు దొరకగానే ఇద్దరం ఇంటికి వచ్చాం. వాడి ఇంటికి వెళ్ళాలి. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు నేరుగా పోవచ్చు, కానీ ఒంటరిగా పోయే ధైర్యం లేక, చుట్టుదారైనా ముందు కోదాడ పోయి వాణ్ణి వెంటబెట్టుకున్నాను. బస్సు ఎక్కినప్పటి నుంచి వాడు పాఠం మొదలుపెట్టాడు.

"చూడు అన్నయ్యా. మనం పోయేది దేనికి? వాళ్ళ నాన్న ముసలాయన. కొడుక్కి నీళ్ళు వదలాలంటే పోయాడని తెలియాలి. వాడి భార్య ఉంది, ఆ అమ్మాయికీ తెలియాలి. కాగితంలో లేదు. నువ్వు చెబితేనే. కొట్టుకుపోతుంటే చూశాను అని ఒక్క మాట అను."

"నేను సూడలే కదరా."

"నీకు ఇది కొత్తా? చిరుతపులిని చూశావా ఏంటి?"

సరే అన్నాను. గరిడేపల్లి దాటేసరికి కథ తయారైంది. వాడు బండ కింద నుంచి బయటికి వచ్చాడు, నీళ్ళు చూశాడు, చేతులు జోడించాడు, అంతలో...

"చేతులు జోడించాడు వద్దు, సినిమాలా ఉంది," అన్నాడు కోదాడ. "కొట్టుకుపోయాడు, చూశాను. అంతే. నీ నగిషీలు పెట్టకు."

ఇల్లు వాడు చెప్పినట్టే కట్ట మీద ఉంది. కాలువ నిండుగా పారుతోంది. వాకిట్లో మంచం మీద లష్కర్ కూర్చొని ఉన్నాడు, రిటైరై చాలా కాలమైంది. మనిషి ఎండిపోయాడు కానీ గొంతు గట్టిది. గోడకు ఆనుకొని ఆ అమ్మాయి. ఎవరో చుట్టాలు ఇద్దరు ముగ్గురు. ఆమె లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, మళ్ళీ అక్కడే కూర్చుంది. బొట్టు ఉంది. గాజులు ఉన్నాయి. ఆ రెండింటి గురించే ఇంట్లో నెలల తరబడి తగవు నడుస్తోందని మాకు ముందే తెలుసు.

నేను కథ మొదలుపెట్టాను. నీళ్ళు వచ్చాయి అన్న దగ్గర ముసలాయన ఆపాడు.

"ఎవలు వదిలిండ్రు?"

"ఎవలూ వదల్లే పెద్దయ్యా. కొండ మీద వాన పడ్డది."

"వాన పడ్డా కట్ట ఉండాలె గద. గేటుకాడ మనిషి ఉండాలె గద. కింద మనుషులున్నరని తెల్వదా ఆనికి?"

"గేటు లేదు పెద్దయ్యా."

"గేటు లేకుండ నీళ్ళెట్లొస్తయయ్యా?" కొడుకు అడిగినట్టే అడిగాడు. "నేను నలభై ఏండ్లు ఎత్తిన. ఒక్కనాడు చెప్పకుండ ఎత్తలే. ఒక్క బర్రె కొట్టుకపోలే. గాడ అసొంటోడు ఒక్కడు లేడా?"

కోదాడ తల దించుకున్నాడు. ముసలాయన ముఖం తుడుచుకొని అన్నాడు, "సరె. నువ్వు సూసినవా? గది చెప్పు. నా కాళ్ళు నడిసినన్నినాళ్ళలనే నా కొడుక్కి నీళ్ళు వదలాలె."

అప్పుడు ఆ అమ్మాయి మొదటిసారి మాట్లాడింది.

"అన్నా, అన్నం తిన్నడా?"

బస్సులో కట్టుకున్నది అంతా ఊడిపోయింది. అబద్ధం ఆడడానికి కూడా కొంచెం జాగా కావాలి. ఆ ప్రశ్నలో నాకు జాగా దొరకలేదు.

"తినలే చెల్లె. అప్పుడే గంజి వారుస్తుండె," అన్నాను. ఇక ఆగలేదు. మొత్తం చెప్పేశాను. ఎడమ పక్క అరుగు, కుడి పక్క బండ, బండ కింద మనిషి పైనుంచి కనపడడన్నది, నేను అరిచింది, వాడు గిన్నెతో బయటికి వచ్చి చెయ్యి ఎత్తింది, మళ్ళీ లోపలికి పోయింది, నేను తిరిగింది, మళ్ళీ తిరిగేసరికి నీళ్ళు. నా జీవితంలో ఒక్క పోగు కూడా కలపకుండా చెప్పిన కథ అదొక్కటే.

"అంటే," అంది ఆమె మెల్లగా, "కొట్టుకపోంగ నువ్వు సూడలే."

కోదాడ నా కాలు తొక్కాడు.

"సూడలే చెల్లె."

"ఇంకెవలన్న సూసిండ్రా?"

"లేదు."

ఆమె ముఖం వెలిగింది అని రాస్తే మళ్ళీ కథ అల్లినట్టే. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొంది. లేచింది. లోపలికి పోయి మా కోసం ఎసరు పెట్టింది. కబురు తెలిసిన నాటి నుంచి ఆమె తన చేత్తో పొయ్యి ముట్టించలేదని పక్కన కూర్చున్న చుట్టం ఒకామె గుసగుసగా చెప్పింది.

ముసలాయన నా వైపు తిరిగాడు. "సూడనోనివి," అన్నాడు, "ఎందుకొచ్చినవయ్యా?"

 అన్నం తిన్నాం. తినకపోతే ఆమె ఊరుకోలేదు. తిరుగు బస్సు ఎక్కాం. దిగేటప్పుడు కోదాడ అన్నాడు, "ఊరంతటికీ అబద్ధాలు పంచి పెడతావు. ఆ ఒక్క ఇంటికి ఒక్కటి ఇవ్వలేకపోయావు."

ఆ మాట నన్ను అంటుకొని ఉండిపోయింది. నిజం చెప్పడం గొప్ప అని మీకు బళ్ళో చెప్పి ఉంటారు. నేను కూడా ఆ రాత్రి ఇంటికి వచ్చి అట్లాగే అనుకొని పడుకున్నాను. నాకు తేలికైంది. నా మీదున్న బరువు దింపి, ఆ అమ్మాయి నెత్తిన పెట్టి వచ్చాను.

ఆమె కర్మ చెయ్యనివ్వలేదు. "సూసినోడే లేడు. బతికున్న మనిషికి పిండం పెడ్తరా?" అని మామ కాళ్ళ ముందు అడ్డంగా కూర్చుందట. తరవాత నా ఫోనుకు ఫోటోలు రావడం మొదలైంది. గల్ఫ్ దేశాల్లో మతి తప్పి తిరుగుతున్న తెలుగువాడు, ఏదో దవాఖానలో పేరు చెప్పలేక పడి ఉన్న మనిషి, ఏదో జైలు నుంచి విడుదలై ఎయిర్‌పోర్టులో కూర్చున్న మనిషి. ఎవరో ఎవరికో పంపినవి తిరిగి తిరిగి ఆమెకు చేరతాయి. ఆమె నాకు పంపుతుంది. కింద ఒకటే మాట: "అన్నా, సూడు." నేను పెద్దది చేసి చూస్తాను. గడ్డాలు, గుంటకళ్ళు. ఎవరో నిజామాబాద్ మనిషి, ఎవరో కడప మనిషి. "కాదు చెల్లె" అని రాస్తాను. ఒకసారి ఒక ఫోటోలో మనిషి చెవి వాడి చెవిలా ఉంది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. రెండు రోజులు జవాబు రాయలేదు. ఆ రెండు రోజులు ఆమె ఎట్లా గడిపిందో ఊహించాలంటే భయం.

నా ఉద్యోగం అయిపోయింది, సూర్యాపేట వచ్చి పడ్డాను. పోయిన ఏడు లష్కర్ పోయాడని కోదాడ ఫోను చేశాడు. కొడుక్కి నీళ్ళు వదలకుండానే పోయాడు. ఆయనకు తలకొరివి పెట్టడానికి ఎవరో పాలివాళ్ళ పిల్లవాణ్ణి పిలిచారట. ఆ అమ్మాయి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది.

అప్పుడు నిర్ణయించుకున్నాను. ఇన్నాళ్ళూ పనికిమాలిన చోట ఖర్చు పెట్టిన నా విద్యను ఒక్కసారి పనికొచ్చే చోట వాడదామని. ఈసారి ఒక్కణ్ణే, నేరుగా పోయాను. మిర్యాలగూడ బస్టాండులో దిగి, ఆటో పట్టుకొని. కాలువ బందు ఉంది. అడుగున బురద పగుళ్ళు తేలింది. ఆమె వాకిట్లో చాట పట్టుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కణతల దగ్గర జుట్టు నెరిసింది. బొట్టు ఉంది. నన్ను చూసి ఆమె ముఖంలోకి రక్తం పరుగెత్తింది. నేను కబురు తెచ్చాననుకుంది.

"కూసో అన్నా. దొరికిండా?"

"చెల్లె, నీకొక మాట చెప్పాలె. ఆనాడు పెద్దయ్య ముందర చెప్పలేకపోయిన. ముసలాయన గుండె తట్టుకోదని దాసిన." ఇది బాగా కుదిరింది అనుకున్నాను. "నేను సూసిన చెల్లె. కండ్లార సూసిన. నీళ్ళొచ్చినప్పుడు గిన్నె కిందవెట్టి లేసిండు. అడుగు పడకముందే నీళ్ళు ఎత్తుకపొయినయ్. ఒక్క నిమిషం గూడ కష్టపడలే."

ఆమె చాట పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లెక్క చూసుకునే మనిషిలా నా ముఖం చూసింది.

"గిన్నె ఏడ వెట్టిండు?"

"పొయ్యి పక్కన."

"పొయ్యి బండ కిందనే గద అన్నా?"

"ఔ."

"నువ్వు అరుగు మీద."

"ఔ చెల్లె."

"బండ కింద మనిషి పైనుంచి కనవడడంటివి గద. అందుకే అరిసిన, అరిస్తె బయటికొచ్చిండంటివి. మల్ల లోపల్కి పొయ్యిండంటివి." ఆమె గొంతులో కోపం లేదు. "మల్ల ఇప్పుడెట్ల కనవడ్డడు?"

నేను నోరు తెరిచాను. ఇంకొక మలుపు వెయ్యొచ్చు, బండకు పగులు ఉందనొచ్చు, నేను కొంచెం కిందికి దిగాననొచ్చు. నలభై రకాలుగా వెయ్యొచ్చు. ఆమె అన్నింటినీ ఇట్లాగే పట్టుకుంటుంది. ఆ లోయను నేను ఎన్నోసార్లు నడిచాను. ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. కానీ నేను చెప్పిన ప్రతి రాయినీ ఇన్నేళ్ళుగా రోజూ తడుముతూ కూర్చుంది. ఆ మలుపు నాకంటే ఆమెకే బాగా తెలుసు.

"ఎవలన్న పంపిండ్రా అన్నా నిన్ను?"

"లేదు. నేనే వచ్చిన."

"ఎందుకు?"

"నువ్వు ఇట్ల ఉంటె..." అని ఆగిపోయాను.

ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. ఒక రాయి ఏరి పక్కన పడేసింది. ఇంకొకటి. తల ఎత్తకుండా అంది:

"నాకాడ ఆయనది ఇంకేం లేదన్నా. బట్టల వాసన గూడ పొయ్యింది. నువ్వు ఆనాడిచ్చిన మాట ఒక్కటున్నది. సూడలేదన్నది. దాన్ని గుంజుకపోకు."

కాలువ వైపు నుంచి ఎవరివో మాటలు వినపడుతున్నాయి, ఎండిన అడుగున ఎవరో నడిచి పోతున్నారు. ఆమె నా జవాబు కోసం చేతులు ఆపి కూర్చుంది. అంతసేపు ఆ చాటలో ఒక్క గింజ కదలలేదు.

"సూడలే చెల్లె," అన్నాను. "నేను సూడలే."

ఆమె తల ఊపింది. లేచి ఎసరు పెట్టడానికి లోపలికి పోయింది.